సున్నా చుక్క సున్నా

బంగెండోర్‌లో ఫ్లాస్కు నిండా టీ పోయించుకుని
ప్రతి మంగళవారం వస్తాను, సరస్సు లోతు రాసుకోవడానికి.
సరస్సు లేదు.
గడ్డిలో నిలబెట్టిన కొలబద్ద ఉంది,
దానికి వీపు గోక్కునే గొర్రెలున్నాయి.
ఫారంలో లోతు అన్న గడి దగ్గర
సున్నా, చుక్క, సున్నా, సున్నా వేస్తాను.
మూడేళ్ళుగా ఇదే నా కొలువు:
లేనిదాన్ని రెండు దశాంశాల దాకా కొలవడం.

మ్యాపులో మాత్రం జార్జి సరస్సని నీలం పూశారు.
అంతకు ముందు తరతరాలుగా
వీరీవా అని పిలుచుకున్నవాళ్ళు
ఏ రంగూ పూయలేదు,
దాని రాకపోకలు వాళ్ళకు తెలుసు.

నీళ్ళెక్కడికి పోయాయంటే
పబ్బులో బల్లకో కథ.
అడుగున సొరంగముందట,
ఎక్కడో ఇంకో దేశంలో తేలుతుందట.
ఏమీ లేదు. పళ్ళెమంత లోతు, ఎండ తాగేసింది,
ఉప్పు మిగిల్చింది.

మా భాషలో చెరువంటే ఎవరో తవ్వాలి,
ఎవరో తట్టలతో మట్టి మోసి కట్ట పోయాలి.
"మరి దీని కట్ట ఎవరు పోశారు?"
మొదటి రోజే అడిగాను నోరీన్ టలీని.
ఆవిడ చేతిలో సుత్తి ఉంది, గడ్డంతోనే
పడమటి కొండను చూపించింది.
భూమి అక్కడ నిలువునా పగిలి
ఒక అంచు మెల్లగా, ఎవరికీ చెప్పకుండా,
లేచి లేచి ఏళ్ళకు అడ్డం కూర్చుంది.
దారి తప్పిన ఏళ్ళు ఇక్కడే చతికిలబడ్డాయి.
కూలీ లేదు, తట్ట లేదు,
పేర్లు చెక్కిన రాయి లేదు.

నోరీన్ కంచె తిన్నగా సరస్సు మధ్యలోకి నడుస్తుంది.
ఎండిన ఏడు వాళ్ళ నాన్న పాతాడు.
నిండిన ఏడు మునిగింది.
మళ్ళీ తేలింది, ముళ్ళతీగ మీద నాచు ఆరేసుకుని.
షెడ్డు పక్కన బోర్లించిన పడవ,
దాని కింద పొదుగుతున్న కోడి.
"అమ్మెయ్యరాదూ?" అన్నాను.
"నీ కొలబద్ద నువ్వమ్ముతావా?" అంది.

ఈస్టర్ సెలవులకు మనవడు లాకీ వచ్చాడు,
తొమ్మిదేళ్ళు, బడి ప్రాజెక్టు, సరస్సులెలా పుడతాయి.
నాకు తెలిసింది చెప్పాను:
మంచు తన బరువుతో జారుతూ
నేలను గీరి గీరి, కరిగి పోతూ పోతూ
బాకీ తీర్చినట్టు నీళ్ళు వదిలిన గుంటలు.
నిప్పు కక్కి కక్కి డొల్లయిన కొండ
తన మీదే తాను కూలి,
ఆ గిన్నెలో వానను పట్టడం.
తొందరలో ఉన్న నది ఒక మెలికను వదిలేస్తే
గడప ముందు చెప్పులా మిగిలిన బిల్లబాంగ్.
వాడు బొమ్మలు గీశాడు. పెన్సిలు కొరికాడు.
"ఏదో ఒకటి పాడైతేనే వస్తాయా?" అన్నాడు.
నేను టీ మూత బిగించాను.

వాడికి బాగా నచ్చింది టైటాన్,
శని చుట్టూ తిరిగే చందమామ.
అక్కడ నీళ్ళే బండరాళ్ళు, అంత చలి.
మీథేన్ వానై కురిసి సరస్సులై నిలుస్తుంది.
"అక్కడ కొలబద్ద ఎవరు చదువుతారు?"
ఎవరూ లేరన్నాను.
"మరి ఎండిపోతే సున్నా ఎవరు వేస్తారు?"

ఆ వారమంతా రేకుల మీద వాన.
ఉరుము లేదు, వరద లేదు,
వచ్చిందాన్ని రావడం ఎవరూ చూడలేదు.
మంగళవారం పొద్దున గొర్రెలు కొండ మొదట్లో గుంపు కట్టి
నిన్నటి మేత మీద మెరుస్తున్నదేమిటా అని చూస్తున్నాయి.
బూటు మడమ దాకా నీళ్ళు,
వాటిలో అవతలి గట్టు గాలిమరలు
తలకిందులుగా తిరుగుతున్నాయి.
వంగి చదివాను. నాలుగు సెంటీమీటర్లు.
సున్నా చుక్క సున్నా దాకా
చెయ్యి అలవాటుగా వేసుకుపోయింది,
ఆఖరి అంకె దగ్గర ఆగింది.
పెన్ను లాకీకిచ్చాను.
వాడు నాలుగు వేశాడు,
గడి దాటి పక్క వారంలోకి పోయేంత పెద్దది.
షెడ్డు దగ్గర నోరీన్ వంగి
పడవ కింది కోడిని తిడుతోంది,
లేవమని.